మందకు లెక్క అడగొద్దు

"మీ ఇంట్లో రెయిన్‌డీర్లు ఎన్ని?" అని అడిగాను. ఉత్తర స్వీడన్ కొండల్లో నడకకు పోయిన మొదటి రోజు రాత్రి, అబిస్కోయౌరే గుడిసె ముందు పొయ్యి చుట్టూ కూర్చున్నాం. రాత్రి అని గడియారాన్ని బట్టి అంటున్నాను. పదకొండు దాటినా ఎండ కొండ అంచున వేలాడుతూనే ఉంది. మా గైడ్, ఇక్కడ తరతరాలుగా రెయిన్‌డీర్ మందలు మేపే సామి జాతి అమ్మాయి, చేతిలోని చెక్క గిన్నె పక్కన పెట్టి నా వైపు చూసి నవ్వింది. "నీ బ్యాంకు ఖాతాలో ఎంతుంది?" అంది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం మా తాత గుర్తొచ్చాడు. పాలమూరులో ఎవరైనా "గొర్లెన్ని ఉన్నయ్" అని అడిగితే "ఉన్నయ్ తియ్, మల్లన్న దయ" అనేవాడే తప్ప లెక్క నోట రానిచ్చేవాడు కాదు. మంద లెక్క బయట పడితే మందకు దిష్టి. కురుమల ఇంట్లో పుట్టి ఆ ప్రశ్న అడిగినందుకు ఆ పూటంతా సిగ్గుపడ్డాను.

స్టాక్‌హోమ్‌లో ఉద్యోగానికి చేరి మూడేళ్ళయింది. ఏటా వేసవి సెలవులకు ఇండియా టికెట్లు చూసుకోవడంతోనే సరిపోయేది. 2025 జూలైలో మాత్రం ఇక్కడే ఉండిపోయి ఈ నడకకు పేరిచ్చాను. ఎనిమిది రోజులు, తొమ్మిది మంది, ఒక గైడ్. బాట పేరు కుంగ్స్‌లేడెన్, అంటే రాజు బాట. మొత్తం 440 కిలోమీటర్లలో ఉత్తరపు చివర అబిస్కో నుంచి నిక్కాలుఒక్తా దాకా మా వంతు వంద పైచిలుకు. స్టాక్‌హోమ్‌లో సాయంత్రం రైలెక్కితే మర్నాడు మధ్యాహ్నానికి ఆర్కిటిక్ వలయం దాటి దాదాపు 200 కిలోమీటర్లు పైన దిగుతాం. మా రైలు నాలుగు గంటలు ఆలస్యం. దాని గురించి రాయడం దండగ, మనకు కొత్తేం కాదు.

అబిస్కో స్టేషన్లో దిగి సంచి సర్దుకుంటుంటే ఇనుప ఖనిజం బండి పోయింది. చిన్నప్పటి అలవాటు, డబ్బాలు లెక్కపెట్టాను. అరవై ఎనిమిది. కిరునా గనిలో తవ్విన ఖనిజాన్ని నార్వే ఓడరేవు నార్విక్‌కు మోస్తాయివి. ఈ పట్టాలు 1903 నాటివి. ఆ పట్టాల మీద రెయిన్‌డీర్లు కూడా చస్తుంటాయని గైడ్ తర్వాత చెప్పింది.

స్టేషన్ ఎదురుగా ఒక కొండల వరస, మధ్యలో ఎవరో గరిటెతో తోడేసినట్టు గుండ్రని లోయ. పోస్టుకార్డుల మీదంతా ఇదే. స్వీడిష్‌లో లాపోర్టెన్ అంటారు, లాప్‌ల ద్వారం అని అర్థం. "లాప్ అనేది బయటివాళ్ళు మాకు పెట్టిన పేరు, మాకు తిట్టులాంటిది" అంది గైడ్. "మేం దీన్ని చుఒన్యావగ్గి అంటాం. బాతుల లోయ." అడవి బాతులన్న మాట. అప్పటి నుంచి నా మ్యాపు నాకు వేరేలా కనపడింది. యౌరే అని ఉంటే అది సామిలో యావ్రి, చెరువు. వగ్గి అంటే లోయ, వార్రి అంటే కొండ, యొహ్కా అంటే వాగు. టూరు వాళ్ళు పంపిన కాగితంలో "మనిషి అడుగు పడని ప్రకృతి" అని రాసుంది. అడుగడుక్కీ పేరున్న చోటును అలా ఎలా అంటారో. మా ఊరి గుట్టల్లో కూడా అంతే, బయటివాడికి బండరాయి, మా తాతకు ఏ బండ నీడ ఏ జాముకు ఎటు పడుతుందో తెలుసు.

మొదటి రోజు పదిహేను కిలోమీటర్లు సులువుగానే గడిచాయి. పొట్టి బర్చ్ చెట్ల మధ్య, వాగు పక్క నుంచి, బురద ఉన్నచోట పరిచిన పలకల మీదుగా నడక. ఇది 1909లో ఏర్పాటైన జాతీయ పార్కు, ఐరోపాలో తొలి వాటిల్లో ఒకటి. దోమల గురించి అందరూ భయపెట్టారు గాని పాలమూరు వాడికి దోమలు లెక్కా అనుకున్నాను. తప్పు. ఇక్కడివి పగలూ రాత్రీ తేడా లేనివి, ఎందుకంటే రాత్రే లేదు. రెండు గంటల్లో వలటోపీ తగిలించుకున్నాను. నీళ్ళు వడగట్టుకునే సీసా ఒకటి ప్రత్యేకంగా కొని తెచ్చాను, అది చూసి గైడ్ పడీపడీ నవ్వింది. వాగులో గిన్నె ముంచి తాగడమే. అలా తాగిన నీళ్ళ రుచి నాకు ఇంకా నాలుక మీదుంది.

గుడిసెల్లో కరెంటు లేదు, కుళాయి లేదు. వాగు నుంచి నీళ్ళు తేవాలి, కట్టెలు కొట్టాలి, వాడిన నీళ్ళు దూరంగా పారబోయాలి. పొద్దున వెళ్ళేముందు మన తర్వాత వచ్చేవాళ్ళ కోసం కట్టెలు చీల్చి పెట్టి పోవాలి. గొడ్డలి పట్టి పదిహేనేళ్ళయిందేమో, మొదటి రెండు దెబ్బలు మొద్దు పక్కన నేలకు తగిలాయి. ఒక జర్మన్ పెద్దాయన దూరం జరిగి కూర్చున్నాడు.

రెండో రోజు ఇరవై కిలోమీటర్లకు పైన, అలేస్‌యౌరే దాకా. చెట్లు అయిపోయాయి. లోయ వెడల్పయ్యి, పొడుగాటి చెరువు మొదలైంది. ఎండ మండిపోతోంది. ఆ నెల ఉత్తర స్వీడన్ అంతా వడగాడ్పుల వార్తలే, హాపరండా పట్టణంలో రెండు వారాల పాటు రోజూ 25 డిగ్రీలు దాటిందట. మే నెలలో 44 చూసినవాణ్ణి, 25కు వడగాడ్పేమిటని నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మర్నాటి దాకానే నిలిచింది.

అలేస్‌యౌరేలో ఒక రోజు ఆగాం. చెరువు అవతల సామి కుటుంబాల వేసవి ఇళ్ళు, చిన్న చిన్నవి. అక్కడికి గైడ్ బంధువుల పడవలో పోయాం. స్వీడన్‌లో ఇలాంటి మేత సంఘాలు 51 ఉన్నాయి, సామెబి అంటారు. మాటకు సామి ఊరు అని అర్థం గాని, ఊరు కాదది. మంద తిరిగే నేలంతా, ఆ మంద గలవాళ్ళంతా కలిసి ఒక సామెబి. అందులో సభ్యులైతేనే స్వీడన్‌లో రెయిన్‌డీర్లు మేపాలి. చలికాలం తూర్పున అడవుల్లో, వేసవి ఈ కొండల్లో. ఏడాదికి ఎనిమిది కాలాలట వీళ్ళకు. వసంతానికి ముందొకటి, వేసవికి ముందొకటి, అలా మంద కదలికను బట్టి. మా వాళ్ళు వానలకు ముందు ఒక దారిన, కోతలయ్యాక ఇంకో దారిన మందను తోలుకుపోయి పొలాల్లో మందపెట్టేవాళ్ళు. రాత్రికింత అని రైతు గింజలిచ్చేవాడు. ఆ బాటల మీద ఇప్పుడు వెంచర్ల జెండాలున్నాయి.

ఆ ఇంట్లో పెద్దామె కాఫీ పోసి, అందులో జున్ను ముక్కలు వేసి ఇచ్చింది. కాఫీలో జున్నేమిటి అనుకుంటూనే తాగాను. ముక్క మెత్తబడి, పంటి కింద కిచకిచమంటుంది. పక్కన ఎండబెట్టిన రెయిన్‌డీర్ మాంసం, కత్తితో పలచగా చీల్చుకుని తినాలి. నోట్లో పెట్టగానే "వట్టి తునకలు!" అన్నాను తెలుగులోనే. మా నాయనమ్మ దండేనికి ఆరేసేది, కాకులు రాకుండా నన్ను కావలి కూర్చోబెట్టేది. గైడ్‌కు అదంతా ఇంగ్లిష్‌లో చెబితే ఆమె సామిలోకి మార్చి చెప్పింది. పెద్దామె నా గిన్నెలో ఇంకో గుప్పెడు వేసింది. నేను సంచిలోంచి నువ్వుల కారప్పొడి తీసి ఇచ్చాను. వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ ఏదో అంది. గైడ్ ఆ మాటను మాత్రం అనువాదం చేయలేదు.

అసలు మేం వెళ్ళింది రెయిన్‌డీర్ పిల్లలకు చెవులు కోసి గుర్తు పెట్టే పని దూరం నుంచైనా చూడొచ్చని. వేసవిలో మందను దొడ్లోకి తోలి, ఏ పిల్ల ఏ తల్లి వెంట నడుస్తుందో చూసి, దాన్ని తాడుతో పట్టి, తల్లి చెవికున్న గుర్తే పిల్ల చెవికీ కత్తితో పెడతారు. మంద గలవాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు, అన్నీ రిజిస్టరులో ఉంటాయి. ఇంట్లో పిల్లలకు కూడా చిన్నతనంలోనే సొంత గుర్తు ఇచ్చేస్తారు. చల్లగా ఉంటుందని రాత్రిపూట చేస్తారు ఈ పని. కాని ఆ ఎండకు మంద దిగి రాలేదు. ఇంతటి వేడిలో తోలితే పరిగెత్తి పరిగెత్తి పిల్లలు చచ్చిపోతాయని వాళ్ళూ తోలలేదు. దొడ్డి ఖాళీగా ఉంది. పెద్దామె మనవడు జేబులోంచి ఒక దారం తీసి చూపించాడు. అంతకుముందు గుర్తు పెట్టిన పిల్లల చెవి ముక్కలు దానికి గుచ్చి ఉన్నాయి, లెక్క కోసం. నేను చూశాను గాని లెక్కపెట్టలేదు, నాకూ బుద్ధొచ్చింది.

మంద ఎక్కడుందో కూడా చూపించాడు. ఎదురు కొండ మీద కరగకుండా మిగిలిన మంచు పట్టీ, దాని మీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. బైనాక్యులర్స్‌లో చూస్తే రెయిన్‌డీర్లు, ఒకదానికొకటి ఆనుకుని పడుకునున్నాయి. మంచు మీద వేడీ తక్కువ, దోమలూ ఈగలూ తక్కువ. కాని అక్కడ మేత లేదు. మే ఎండల్లో మా గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకుని నిలబడేవి, మధ్యాహ్నమంతా గడ్డి ముట్టేవి కాదు. "మూడు రోజులు గిట్లనే నిలబడితే పాలు గుంజుకపోతయ్" అని తాత అనేవాడు. అప్పుడు అర్థమైంది నాకు 25 డిగ్రీలంటే ఏమిటో.

సాయంత్రం చెరువొడ్డున ఆవిరి స్నానం. ఆడవాళ్ళకొక వేళ, మగవాళ్ళకొక వేళ, కలిసి వెళ్ళేవాళ్ళకొక వేళ. మగవాళ్ళ వేళకే పోయాను, అయినా నిక్కరుతో పోతే బయటే ఆపారు. ఇంతకన్నా వివరాలు అక్కర్లేదు.

ఆ రాత్రి గైడ్ యోయిక్ అనే సామి పాట పాడింది. యోయిక్ ఒకరి గురించి పాడేది కాదట, ఆ మనిషినే పాడటమట. వాళ్ళ నానమ్మను పాడింది. మాటలు దాదాపు లేవు, గొంతు మాత్రం అక్కడక్కడే తిరుగుతూ ఎక్కడా ముగియకుండా ఠక్కున ఆగిపోయింది. ఆ నానమ్మను చిన్నప్పుడు ఇంటి నుంచి తీసుకుపోయి సంచార బడిలో వేశారు. 1913 తర్వాత రెయిన్‌డీర్లు మేపేవాళ్ళ పిల్లలకు స్వీడన్ ప్రభుత్వం పెట్టిన వేరే బడులవి. మామూలు పిల్లలంత చదువు చెబితే మేపడం మానేస్తారని పై వాళ్ళ ఆలోచన. తర్వాత అందరినీ ఏదో ఒకటి పాడమంది. నాకు ఒగ్గు కథలో బీరప్ప పుట్టుక ఘట్టం నాలుగు ముక్కలు వచ్చు. డోలు లేకుండా, గొంతు కీచుమంటూ పాడాను. డోలు కొరతను జర్మన్ పెద్దాయన స్టీలు పళ్ళెంతో తీర్చాడు, తాళం మాత్రం తప్పాడు.

తర్వాతి మూడు రోజులు రాళ్ళు. చెక్చా కనుమ సుమారు 1,150 మీటర్లు, ఈ బాటలో అన్నిటికన్నా ఎత్తు. రాయి మీంచి రాయి మీదకి దుముకుతూ, మధ్యలో మెత్తబడ్డ మంచులో మోకాలి దాకా దిగబడుతూ ఎక్కాం. పైనుంచి అవతలి లోయ కనపడినప్పుడు ఎవరూ మాట్లాడలేదు, ఊపిరి అందక. సెల్కా, సింగి గుడిసెలు నాకు కలగాపులగంగానే గుర్తున్నాయి. కాళ్ళకు బొబ్బలు. బాట పక్కన ధ్యానానికని ఏర్పాటు చేసిన చోట్లున్నాయి, ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శిగా ఉంటూ 1961లో విమాన ప్రమాదంలో పోయిన డాగ్ హామర్‌షెల్డ్ జ్ఞాపకంగా. ఆయనకు ఈ కొండలంటే ప్రాణమట. రాళ్ళ మీద ఆయన మాటలు చెక్కి ఉన్నాయి. నేను వాటి పక్కన బూట్లు విప్పి కాళ్ళు ఆరబెట్టుకున్నాను.

బురద నేలల్లో క్లౌడ్‌బెర్రీలు ఇంకా ఎర్రగా, గట్టిగా ఉన్నాయి. పండితే బంగారు రంగుకొస్తాయి, ఆగస్టులో. ఒకటి కొరికి ఉమ్మేశాను.

కెబ్నెకైసె కొండ దగ్గరికొచ్చేసరికి మళ్ళీ జనం, కరెంటు, వేడి నీళ్ళ స్నానం. స్వీడన్‌లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ఏదని చిన్నప్పుడు బళ్ళో అడిగితే ఈ కొండ దక్షిణ శిఖరం అని చెప్పేవాళ్ళట ఇక్కడి పిల్లలు. దాని నెత్తిన ఉన్నది హిమానీనదం. అది కరిగి కరిగి 2019లో రాతి శిఖరమైన ఉత్తరపు దానికన్నా పొట్టిదైపోయింది. ఇప్పుడు ఉత్తర శిఖరమే పెద్దది, 2,097 మీటర్లు. అది పెరగలేదు, ఇది తరిగింది.

నిక్కాలుఒక్తా నుంచి బస్సులో కిరునా. ఆ ఊరినే జరుపుతున్నారు. కింద గని తవ్వుకుంటూ పోతే పైన నేల కుంగుతోందని, 2004లో నిర్ణయించి, ఊరి నడిబొడ్డును మూడు కిలోమీటర్లు తూర్పుకు మార్చారు. 1912 నాటి ఎర్రటి చెక్క చర్చిని, సామి గుడిసె ఆకారంలో కట్టినదాన్ని, మొత్తంగా లేపి తరలించే ఏర్పాట్లు మేం వెళ్ళినప్పటికే జరుగుతున్నాయి. తర్వాతి నెల 19, 20 తేదీల్లో 672 టన్నుల చర్చి ఐదు కిలోమీటర్లు ప్రయాణం చేయడం నేనూ ఫోన్లో చూశాను. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. గైడ్ మాత్రం వేరే సంగతి చెప్పింది. గనికి ఉత్తరాన అరుదైన ఖనిజాల నిక్షేపం పెద్దది దొరికిందని 2023 జనవరిలో గని కంపెనీ ప్రకటించింది. అక్కడ తవ్వితే గబ్నా సామెబి వాళ్ళకు కొండల మేతకూ అడవుల మేతకూ మధ్య మిగిలిన సన్నటి దారి కూడా తెగిపోతుందని వాళ్ళ భయం. "చర్చిని చక్రాల మీద పెట్టొచ్చు. మంద దారిని దేని మీద పెడతారు?" అంది. విద్యుత్ కార్లకు ఆ ఖనిజాలు కావాలి. స్టాక్‌హోమ్‌లో నేనెక్కే టాక్సీలు సగం అవే. ఏమీ అనలేకపోయాను.

స్టేషన్లో రైలు కోసం కూర్చుని నాయినకు ఫోన్ చేశాను. గొర్లు అమ్మేసి పన్నెండేళ్ళయింది, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో తమ్ముడి దగ్గర ఉంటాడు. కొండలు, వాగులు, రాత్రి లేని రాత్రి, అన్నీ చెప్పాను. "ఊఁ, ఊఁ" అంటూ విన్నాడు. మంద సంగతి మొదలుపెట్టగానే టీవీ సౌండు తగ్గించాడు.

"మరి గంత ఎండకు మంద కాడ ఎవలున్నరు?"

"ఎవ్వరు లేరు నాయినా. అవే గుట్టెక్కి మంచు మీద పండుకున్నయ్."

కాసేపు మాట్లాడలేదు.

"మంచు కరిగినంక?" అన్నాడు.