గోడకు ఇటువైపు

"నీకు నచ్చితే ఫ్యూజన్, నాకు నచ్చితే పాడుచేయడం. అంతే కదా నాన్నా?"

ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది వేడుకలో మా పద్నాలుగేళ్ళవాడు అన్నమయ్య కీర్తన పాడాలి. పాడతానన్నాడు. కానీ మధ్యలో వాడి స్నేహితుడు ర్యాప్ చేస్తాడట, వెనక డ్రమ్స్ బీట్ ఉంటుందట. కుదరదన్నాను. అయితే పాడనన్నాడు. అప్పుడు పడింది నా మీద ఆ మాట.

ర్యాప్‌ను, రాక్‌ను కలపవచ్చని వాడికి చెప్పింది నేనే. 2004లో రాక్ బృందం లింకిన్ పార్క్, ర్యాపర్ జే-జీ కలిసి చేసిన 'కొలిజన్ కోర్స్' పాటలను మా హాస్టల్లో ఒక్క కంప్యూటర్ చుట్టూ పదిమందిమి మూగి విన్నాం. సెలవులకు వెళ్ళి ఇంట్లో పెడితే, "ఇది పాటా, పోట్లాటా?" అన్నారు మా నాన్న. ఆ ముక్కను ఎంతమందికి నవ్వుతూ చెప్పానో లెక్కలేదు.

పోయిన నెల కారులో, రన్-డీఎంసీ అనే ర్యాప్ బృందం 1986లో చేసిన 'వాక్ దిస్ వే' వినిపించాను. అసలుది 1975లో ఏరోస్మిత్ అనే బృందం చేసిన రాక్ పాట. రన్-డీఎంసీ కుర్రాళ్ళకు తెలిసిందల్లా మొదట్లో వచ్చే డ్రమ్స్ ముక్క. గొంతు వినిపించక ముందే రికార్డును వెనక్కి తిప్పి, ఆ ముక్క మీదే ర్యాప్ చేసుకునేవారు. అలాంటివాళ్ళను పాట మొత్తం, అవే మాటలతో పాడమని పట్టుబట్టాడు నిర్మాత రిక్ రూబిన్. ఆ మాటలు వాళ్ళకు బొత్తిగా నచ్చలేదు. అయినా ఏరోస్మిత్ నుంచి స్టీవెన్ టైలర్, జో పెర్రీ స్టూడియోకు వచ్చారు, పాట పూర్తయింది. అమెరికా చార్టులో అసలు పాట పదో స్థానం దాటలేదు, ఇది నాలుగు దాకా వెళ్ళింది. చతికిలబడి ఉన్న ఏరోస్మిత్ దీనితో మళ్ళీ లేచింది.

నేను ఊరికే చెప్పలేదు లెండి. ఇష్టం లేకపోయినా ఒకరు పట్టుబట్టబట్టే కదా మంచి జరిగిందంటూ మెల్లగా సంగీతం క్లాసు మీదికి మాట మళ్ళించాను. వాడు ఫోనులో ఏదో వెతికి, "రూబిన్‌ది వాళ్ళ ఈడే నాన్నా. వాళ్ళ నాన్న కాదు" అన్నాడు. ఇల్లు చేరేదాకా కారులో దారి చెప్పే గొంతు తప్ప ఇంకెవరూ మాట్లాడలేదు.

ఆ పాట వీడియోలో ఒక గదిలో రాక్, పక్క గదిలో ర్యాప్. ఒకరి మోత ఒకరికి పడదు. చివరికి టైలర్ మైకు స్టాండుతో గోడ పగలగొట్టి అవతలికి తల దూరుస్తాడు. ఇన్నాళ్ళూ ఆ తల నాదేననుకున్నాను. మొన్న రాత్రి పదింటికి "ఆపు" అంటూ వాడి గది గోడను బాదుతుంటే మా ఆవిడ నా వంక చూసిన చూపుతో ఆ భ్రమ వదిలింది.

పిల్లలను బలవంతపెట్టకండని ఈ దేశానికి కొత్తగా వచ్చిన తెలుగు దంపతులకు సలహాలిస్తుంటాను. ఆ వెంటనే వాడిని పిలిచి వాళ్ళ ముందు వేమన పద్యం చెప్పిస్తాను.

అన్నమయ్యకు అభ్యంతరం ఉంటుందా అంటే, జాజర లాంటి జానపదాలూ లాలిపాటలూ కట్టినవాడు, ఉండదనే అనుకుంటాను. అభ్యంతరం ముందు వరుసలో కూర్చునేవాళ్ళకు. అదీ నా ఊహే, వాళ్ళలో ఎవరినీ అడిగింది లేదు.

నిన్న వాడే నా దగ్గరకు వచ్చాడు. కీర్తన దేని గురించో తెలియకుండా ర్యాప్ ఎలా రాయాలని ఆ స్నేహితుడు అడిగాడట. ఆరేళ్ళుగా పాడుతున్నాడు, అర్థం ఒక్కసారీ అడగలేదు. నేనూ చెప్పలేదు. శ్రుతి తప్పితే మాత్రం వంటింట్లోంచి కూడా కేకేసేవాడిని.

పల్లవి చెప్పాను. మొదటి చరణం కూడా గట్టెక్కింది. రెండో చరణంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను.

"నీకూ తెలియదా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

రేపు చెబుతానన్నాను. మన ఊళ్ళో తెల్లవారాక అమ్మకు ఫోన్ చేసి అడగాలి. ఎందుకని అడిగితే ర్యాప్ కోసమని చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.