డ్రమ్స్ పిల్లాడి ప్లేట్‌లెట్స్

వందనాలండీ. చర్చిలో సాక్ష్యం సగమే చెప్పా, మిగతాది చెప్తే ఇద్దరు ముగ్గురి మొహాలు మాడేవి.

మాది గుంటూరు. కరోనా తర్వాత చర్చికి పోవడం దాదాపు మానేశా, ఫోన్లో లైవ్ పెట్టుకుని కూరలు తరుక్కుంటా వాక్యం వినేదాన్ని, చాల్లే అనుకునేదాన్ని. పైగా అక్కడ డ్రమ్స్ మోత, పాస్టరమ్మగారికి రెండుసార్లు కంప్లైంట్ కూడా చేశా.

సెప్టెంబర్లో డెంగ్యూ వచ్చింది. నాలుగు రోజులు కాగి ఐదో రోజు జ్వరం తగ్గింది, హమ్మయ్య అని లేచి బట్టలు కూడా ఉతికా. జ్వరం దిగాకే అసలు డేంజర్ అంట, ఎవరూ చెప్పలా. సాయంత్రానికి చిగుళ్ళ నుంచి రక్తం ఆగట్లా. హాస్పిటల్లో చూస్తే లక్షన్నర ఉండాల్సిన ప్లేట్‌లెట్స్ 14 వేలు. మా ఆయన లారీ మీద నాగ్‌పూర్ రూట్లో ఉన్నాడు. పక్కన ఇంటర్ చదివే మా పాప ఒక్కతే. డ్యూటీ డాక్టరు తలెత్తకుండానే "డోనర్‌ని తెచ్చుకోండి, ఏదన్నా అయితే మాకు సంబంధం లేదు" అని పోయాడు, చిన్నపిల్లతో అట్టా మాట్లాడొచ్చా?

ఆ రాత్రి ముక్కులోంచి కూడా మొదలైంది. దిండు మీద మచ్చ పెద్దదవుతుంటే పాప నాకు కనపడకుండా దిండు తిప్పేసింది. నాకు ప్రార్థన కూడా రాలా, నోరంతా రక్తపు రుచి.

పాపే పాస్టరమ్మగారికి ఫోన్ చేసింది. పదకొండున్నరకి రెండు బైకుల మీద నలుగురు పిల్లల్ని పంపించి, వెనకాల ఆటోలో ఆమె ఫ్లాస్కుతో వచ్చింది. ఒకడికి నరం దొరకలా, ఒకడు బరువు చాలలా, చివరికి సరిపోయింది ఆ డ్రమ్స్ పిల్లాడే. రక్తంలోంచి ప్లేట్‌లెట్స్ మాత్రం తీసే మెషీన్ మీద గంటన్నర కూర్చున్నాడు. తెల్లారుజామున పల్చటి పసుపు రంగు ప్యాకెట్ ఎక్కించారు. దేవునికే స్తోత్రం.

మర్నాడు సంఘ పెద్ద ఒకాయన వచ్చి "దాచిన పాపమేదన్నా ఉంటే ఒప్పుకోమ్మా, కూడికలకి రావట్లేదనే దేవుడు బెత్తం తీశాడు" అన్నాడు. కుట్టింది దోమయ్యా! బైబిల్లో మార్కు సువార్త 2లో కప్పు విప్పి పక్షవాతం మనిషిని దించారే, ప్రభువు చూసింది "వారి విశ్వాసము" అనుంది, నాకైతే అది మోసుకొచ్చినోళ్ళదే అనిపిస్తది. అన్నట్టు ఆరు రోజులు కారేజీ వచ్చింది ఈ పెద్దాయనింటి నుంచే. కోపంగానే తిన్నా, కానీ తిన్నా.

జ్వరమొస్తే బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా మింగకండి, తగ్గినా ప్లేట్‌లెట్ కౌంట్ చేయించుకోండి.

ఇప్పుడు ఆదివారాలు డ్రమ్స్ పక్క బెంచీలోనే కూర్చుంటున్నా. నన్ను చూసి పిల్లాడు మెల్లగా కొడతాడు, కానియ్ నాయనా అని చెయ్యి ఊపుతా, ఇక చెవులు హోరే.