మొసలి బొమ్మ కాదు, ఆ గుడ్డ చూడండి

రెనే లాకోస్ట్ అంటే చాలామందికి చొక్కా మీది పచ్చ మొసలే గుర్తొస్తుంది. నాకు ఆ బొమ్మ కంటే ఆ గుడ్డ మీద గౌరవం ఎక్కువ. యూనివర్సిటీ రోజుల దాకా టెన్నిస్ ఆడినదాన్ని. ఇప్పుడు తిరుపతిలో స్కూళ్లకు, ఆటల అకాడమీలకు టీషర్టులు కుట్టించే చిన్న యూనిట్ నడుపుతున్నా. ఆట మానేసి వ్యాపారంలోకి వచ్చినవాళ్లలో నీకెవరిష్టం అని ఎవరడిగినా నా నోట వచ్చే పేరు ఈయనదే.

లాకోస్ట్ 1904లో పుట్టిన ఫ్రెంచి టెన్నిస్ ఆటగాడు. పదిహేనేళ్లు వచ్చాకే రాకెట్ పట్టాడు. చూసేవాళ్ల కళ్లు జిగేల్మనిపించే ఆట కాదు. ఎదుటివాళ్ల ఆటలో బలమెక్కడ, లోపమెక్కడ అని నోటుపుస్తకాల్లో రాసుకుని, దాని ప్రకారం ఓపికగా కోర్టు వెనక గీత, అదే బేస్‌లైన్, మీద నిలబడి ఆడేవాడు. అట్లా ఆడే 1925, 1929 మధ్య ఏడు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచాడు: ఫ్రెంచిలో మూడు, వింబుల్డన్‌లో రెండు, అమెరికాలో రెండు. 1927లో ఫిలడెల్ఫియాలో అమెరికా ఆటగాడు బిల్ టిల్డెన్‌ను ఓడించి, దేశాల జట్లు ఆడే డేవిస్ కప్‌ను ఫ్రాన్సుకు మొదటిసారి తెచ్చినవాళ్లలో ఆయనా ఉన్నాడు. ఆరోగ్యం దెబ్బతిని, పాతికేళ్ల వయసుకే దాదాపుగా ఆట వదలాల్సి వచ్చింది.

మొసలి కథ అందరికీ తెలిసిందే. మ్యాచ్ గెలిస్తే మొసలి తోలు పెట్టె కొనిస్తానని జట్టు కెప్టెన్ పందెం కాశాడు, పత్రికలవాళ్లు ఆయన్ని మొసలి అని పిలవడం మొదలుపెట్టారు, రాబర్ట్ జార్జ్ అనే స్నేహితుడు బొమ్మ గీసిచ్చాడు. అంతే.

గుడ్డ సంగతికి వస్తా. మాది నగరి. మా నాయన మరమగ్గాలు నడిపేవాడు. మగ్గం గుడ్డంటే పడుగు, పేక. నిలువు పోగులు, అడ్డపోగులు ఒకదాన్నొకటి బిగించుకుని ఉంటాయి, లాగితే సాగదు. చీరకు, లుంగీకి అదే బలం. అదే గుడ్డతో పొడుగు చేతుల చొక్కా కుట్టి, వేసుకుని సర్వీసు చెయ్యండి చూద్దాం. చెయ్యి లేచినప్పుడల్లా చంక కింద పట్టేస్తుంది, అంచు ప్యాంటులోంచి పైకి లేచొచ్చేస్తుంది. 1920ల్లో ఆటగాళ్లు అట్లాంటి తెల్ల చొక్కాలే వేసుకుని, చేతులు పైకి మడుచుకుని, అయిదు సెట్లు ఆడేవాళ్లు.

లాకోస్ట్ దాన్ని పక్కన పెట్టి, పొట్టి చేతుల అల్లిక చొక్కా వేసుకుని కోర్టులోకి దిగాడు. మన ఊళ్లల్లో బనియన్ గుడ్డ అంటాం చూడండి, ఆ జాతిదే. కాకపోతే మామూలు బనియన్ గుడ్డ తడిస్తే ఒంటికి అతుక్కుంటుంది. ఆయన ఎంచుకున్నది పీకే అల్లిక. మిషన్ మీద కొన్ని సూదులు పాత ఉచ్చును వదలకుండా పట్టుకునే కొత్త పోగును కూడా అందుకుంటాయి. దాంతో గుడ్డ మీద తేనెపట్టు గళ్లలాగా చిన్న చిన్న గుంటలు పడతాయి. గుడ్డంతా ఒంటికి ఆనదు, సందుల్లో గాలి ఆడుతుంది. దానికి మెత్తటి కాలరు. ఎండ మెడ మీద కొడుతుంటే పైకెత్తుకోవచ్చు. ఏప్రిల్‌లో తిరుపతిలో సిమెంటు కోర్టు మీద ఆడినవాళ్లకు ఆ కాలరు విలువ నేను చెప్పక్కర్లేదు.

1933లో కంపెనీ పెట్టినప్పుడు తన పేరొక్కదాన్నే నమ్ముకోలేదు. ఆంద్రే జిలియే అనే అల్లిక బట్టల వ్యాపారిని భాగస్వామిగా కలుపుకున్నాడు. ఆటగాడికి ఏం కావాలో ఒకరికి తెలుసు, దాన్ని మిషన్ మీదికి ఎట్లా ఎక్కించాలో ఇంకొకరికి తెలుసు. ఆ చొక్కాకు వాళ్లు పెట్టిన నంబరు ఎల్.12.12. ఎల్ అంటే లాకోస్ట్, 1 ఆ గుడ్డ రకం, 2 పొట్టి చేతులు, చివరి 12 అంటే పన్నెండో నమూనా ఖాయమైందని. ఈ సంగతి మా కటింగ్ మాస్టరన్నకు చెప్తే చాలాసేపు తలూపి, "చంక దగ్గర కుదరడానికే అన్ని పీసులు పట్టుంటాయమ్మా" అన్నాడు. నిజమేనని నాకూ అనిపిస్తుంది. చెయ్యి అతికే చోటే టీషర్టుకు ప్రాణం. బొమ్మ ఎంత బాగా కుట్టినా అక్కడ బిగిస్తే పిల్లలు రెండోసారి వేసుకోరు.

అందుకే, తన పేరుతోనే చొక్కాలు అమ్మిన ఇంగ్లండు టెన్నిస్ ఆటగాడు ఫ్రెడ్ పెర్రీ, మన సానియా మీర్జా అంతా నాకు ఇష్టమే గానీ, లాకోస్ట్ దగ్గరే ఆగిపోతా. పెర్రీ కూడా చొక్కాకు ముందు మణికట్టుకు కట్టుకునే చెమట పట్టీతోనే మొదలుపెట్టాడు, అదీ కోర్టులో పుట్టిన అవసరమే. సానియా 2023లో ఆట మానేసింది గానీ, హైదరాబాద్‌లో అకాడమీ 2013లోనే మొదలుపెట్టింది. లాకోస్ట్‌లో నాకు నచ్చేది ఆ నోటుపుస్తకం బుద్ధి. ప్రాక్టీసుకు మనిషి దొరక్కపోతే బంతులు విసిరే మిషన్ చేసుకున్నాడు. ముసలితనం దగ్గరపడుతున్నా ఊరుకోకుండా 1960ల్లో స్టీలు రాకెట్ కనిపెట్టాడు. అందరూ కొయ్య రాకెట్లతో ఆడే కాలం అది. విల్సన్ కంపెనీ దాన్నే టీ2000 పేరుతో అమ్మింది. అమెరికా ఆటగాడు జిమ్మీ కానర్స్ ఏళ్ల తరబడి దాన్ని వదల్లేదు.

మా దగ్గరికొచ్చే తల్లిదండ్రులు అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. నూలు పీకే హాయిగా ఉంటుంది గానీ చెమట తాగి బరువెక్కుతుంది. గంటల తరబడి ఆడే పిల్లలకు పాలిస్టర్ జాలీ గుడ్డే ఇస్తాను, తొందరగా ఆరుతుంది. ఆట అయ్యాక వేసుకోవడానికి, స్కూలుకు 220 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 220 గ్రాముల బరువుండే, నూలు పీకే. ఉతికితే కుదించుకుంటుంది కాబట్టి, గుడ్డను ముందే కుదించారా అని కొట్లో అడగండి.

ఇంకో సంగతి. టీ2000కు తీగలు నేరుగా ఫ్రేములో దూర్చరు, చుట్టూ చుట్టిన ఇనుప తీగ ఉచ్చుల్లోంచి లాగుతారు. బొమ్మల్లో చూశానే గానీ చేత్తో పట్టుకోలేదు. చిత్తూరులో గానీ తిరుపతిలో గానీ ఎవరింటి అటక మీదన్నా ఆ రాకెట్ ఉంటే నాకు చెప్పండి. వచ్చి చూసుకుని వెళ్తాను.