ఇరవై ఒకటి

మన బడి రీయూనియన్ సావనీర్‌కి ఏదో ఒకటి రాయమని కమిటీ తరఫున పకోడీ మూడుసార్లు ఫోన్ చేశాడు. "మొత్తం ఐదేళ్ళూ కవరవ్వాలి" అని షరతు. నా దగ్గర అంత సరుకు లేదు. ఆరు, ఏడు తరగతులు మసగ్గా ఉన్నాయి. ఎనిమిదిలో ల్యాబ్ కప్ప సంగతి మీకందరికీ తెలుసు. తొమ్మిదో తరగతి అసలు చదివానో లేదో. నాకు మిగిలిందల్లా పదో తరగతిలో, హుద్‌హుద్ తుపాను తర్వాత బడి తెరిచిన వారం. అందులోనూ లెక్కల పీరియడే.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఎవరింటి రేకులు ఎక్కడ తేలాయో కలిసినప్పుడల్లా చెప్పుకుంటూనే ఉంటాం. బడి తెరిచేసరికి గేటు దగ్గర నిద్రగన్నేరు వేళ్ళతో సహా పడి ఉంది. పచ్చగా ఉండే కైలాసగిరి మాడిపోయినట్టుంది. మా వీధికి ఇంకా కరెంటు రాలేదు. సగం మంది పుస్తకాలు తడిసి ఉబ్బిపోయాయి. లెక్కల మాస్టారు మనల్ని వరండాలో కూర్చోబెట్టి, "పుస్తకం అక్కర్లేని పాఠం ఒకటుంది" అని, ఎక్కడో చివర్లో రావాల్సిన సంభావ్యతను ముందుకు లాగారు. చొక్కా జేబులోంచి రెండు పాచికలు తీశారు. వైకుంఠపాళి డబ్బాలోవి.

ఒక పాచికతో పేచీ లేదు. ఏ ముఖమైనా పడటానికి ఆరింట ఒక వంతు, అంతే. రెండు దొర్లిస్తే ఎన్ని పర్యవసానాలు అని అడిగారు. మొదటి బెంచీ వాళ్ళు ముప్పై ఆరు అన్నారు. నేను లేచి ఇరవై ఒకటి అన్నాను.

నా వాదన నాకు ఇప్పటికీ ముద్దుగానే ఉంటుంది. ఒకటీ రెండూ పడినా, రెండూ ఒకటీ పడినా కంటికి కనబడేది ఒకటే కదా, రెండుసార్లు ఎందుకు లెక్కపెట్టాలి? జంటలు 6, వేర్వేరు అంకెలవి 15, వెరసి 21. ఇంకొకరైతే "నోర్మూసుకుని కూర్చో" అనేవారు. ఆయన చాక్‌పీసు కింద పెట్టారు.

"అయితే ఏటంటావే గుంటా? పదకొండు పడ్డానికీ పన్నెండు పడ్డానికీ ఛాన్సు ఒకటేనంటావా?"

"ఒకటేనండీ. ఐదూ ఆరూ ఒక రకం, ఆరూ ఆరూ ఒక రకం."

"సరే, పాచికల్నే అడుగుదాం."

ఆ రోజు వచ్చింది 30 మంది. తలా 12 సార్లు, మొత్తం 360. ముప్పై ఆరే నిజమైతే పదకొండు 20 సార్లు, పన్నెండు 10 సార్లు, అటూ ఇటూగా రావాలి. నాది నిజమైతే రెండూ చెరో 17 దాకా. ఓడినవాళ్ళు అందరికీ మురీ మిక్చర్ కొనాలని వెనక బెంచీ వాళ్ళే తీర్మానించేశారు. సోషల్ పీరియడ్ కూడా అందులోనే హరించుకుపోయింది. చివరికి పదకొండు 22, పన్నెండు 9.

నేను ఒప్పుకోలేదు. "ఇంకో మూడొందల అరవై వేద్దామండీ" అన్నాను. మీ నవ్వులు ఇంకా వినబడుతున్నాయి.

అప్పుడు ఆయన ఒక పాచికకి ఎర్ర స్కెచ్ పెన్ను, రెండోదానికి నీలం పూశారు. "ఎరుపు ఐదు, నీలం ఆరు. ఎరుపు ఆరు, నీలం ఐదు. ఇప్పుడు ఇవి రెండా, ఒకటా?" రెండు అన్నాను. "మరి రంగు పూసినట్టు పాచికకి తెలుస్తుందా?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపు నావైపు చూసి, "లైబ్నిట్జ్ అని జర్మనీ ఆయన. కలన గణితం కనిపెట్టిన ఇద్దరిలో ఒకడు. పదకొండుకీ పన్నెండుకీ ఛాన్సు ఒకటేనని ఆయనా రాశాడు. కూర్చో" అన్నారు. అంత గొప్ప తిట్టు నన్ను మళ్ళీ ఎవరూ తిట్టలేదు. ఆ సాయంత్రం నుంచి మీకు నేను ఇరవై ఒకటి.

ఇంటికి ఇంకో లెక్కిచ్చారు. మూడు పాచికలతో తొమ్మిదికీ ఆరు రకాలే, పదికీ ఆరు రకాలే. అయినా పదే కాస్త ఎక్కువ పడుతుందని ఇటలీ జూదగాళ్ళు పసిగట్టారట, ఎందుకో గెలీలియో లెక్కగట్టి చూపించాడట. కొవ్వొత్తి పెట్టుకుని అన్నీ రాశాను. మొత్తం 216లో తొమ్మిదికి 25, పదికి 27. ఈసారి మూడు మూడు మూడుని ఒక్కసారే లెక్కపెట్టాను.

ఇంత చేసీ పబ్లిక్‌లో లెక్కల్లో పదికి తొమ్మిది పాయింట్లే వచ్చాయి, అది వేరే సంగతి.

ఇప్పుడు పరవాడలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ సెక్షన్. నా సంతకం లేకుండా మా బ్లాకులో బ్యాచ్ కదలదు. గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే. కూర్మన్నపాలెంలో ఫ్లాట్ కొన్నాం, వాయిదాలు నడుస్తున్నాయి. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు, "రెండు శాంపిళ్ళు తీస్తే రెండూ బాగుండొచ్చు, ఒకటి పోవచ్చు, రెండూ పోవచ్చు, మూడే కదా మేడమ్, మూడింట ఒక వంతు" అన్నాడు. నేనేమీ అనలేదు. డ్రాయర్ తీసి ఒక సీసాకి ఎర్ర స్టిక్కరు, ఒకదానికి నీలం స్టిక్కరు అంటించాను.

మురీ మిక్చర్ బాకీ ఒప్పుకుంటున్నాను, రీయూనియన్ రోజు బీచ్‌లో తీరుస్తాను. ఎర్ర పాచిక నా దగ్గరే ఉంది, రంగు సగం పోయింది. నీలంది ఫేర్‌వెల్ రోజు ఎవరి జేబులోకి వెళ్ళిందో నేను చూశాను. మూడుసార్లు ఫోన్ చేసినవాడివి, పకోడీ, వచ్చేటప్పుడు అది పట్టుకురా.