ఊరికే వచ్చిన కేలండర్లు అమ్మబోతే

తణుకులో తాతయ్య కిరాణా కొట్టు మూసేసి ఇరవై ఏళ్లు దాటింది. కిందటి వేసవిలో అటక దులుపుతుంటే పొడుగాటి రేకు డబ్బా దొరికింది. అందులో చుట్టలు చుట్టిన పాత కేలండర్లు, లెక్కపెడితే ముప్పై ఒకటి. సబ్బుల కంపెనీలవాళ్లు, బీడీలవాళ్లు, ఎరువుల డీలర్లు ఏటా డిసెంబరులో కొట్టుకొచ్చి ఇచ్చిపోయినవి. "ఊరికే వచ్చినవేగా, పాత పేపర్లవాడికి వేసెయ్" అంది అమ్మ. నేను ఆ రాత్రి ఫోన్లో, చిత్రకారుడు రాజా రవివర్మ పెట్టిన ప్రెస్సులో అచ్చయిన పాత బొమ్మల ధరలు చూశాను. ఇంక నిద్రేం పడుతుంది?

హైదరాబాదు వచ్చాక ఒక ఆదివారం వాటిని చంకన పెట్టుకుని ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్లాను. పాత పుస్తకాలతో పాటు సినిమా పోస్టర్లూ అమ్మే పెద్దాయన ఒకాయన లక్ష్మీదేవి బొమ్మ విప్పి, భూతద్దం నా చేతికిచ్చి "బుగ్గ మీద పెట్టి చూడండి సార్" అన్నాడు. రంగు రంగు చుక్కలు, ముగ్గు పెట్టినట్టు వరసలు తప్పకుండా ఉన్నాయి. "ఆఫ్‌సెట్ అచ్చు. శివకాశిది. ఇవి లక్షల్లో వేశారు."

1894లో బొంబాయిలో పెట్టిన రవివర్మ ప్రెస్సులో రంగుకో రాయి చొప్పున అచ్చు వేసేవారు. ఆ రాళ్ల మీద చుక్కలు చేత్తో పెట్టినవి కాబట్టి ఒక వరసలో ఉండవు, చల్లినట్టుంటాయి. ఆ బొమ్మల మీద కూడా కంపెనీలు పేర్లు వేయించుకుని పంచాయి కాబట్టి, ఊరికే ఇచ్చినంత మాత్రాన ధర రాదని కాదు. నా దగ్గరున్నవి అవి కావు, అంతే.

అసలు దెబ్బ వేరే ఉంది. ఆ పెద్దాయన బొమ్మ కన్నా ముందు దాని కింది భాగం చూస్తున్నాడు. మా మామ్మకి ఒక అలవాటు. ఏడాది అయిపోగానే కత్తెర పట్టుకుని తేదీల బొత్తి, కంపెనీ పేరు శుభ్రంగా కోసేసి, దేవుడి బొమ్మ వరకు దాచేది. దేవుడి కాళ్ల కింద బీడీల పేరేమిటని ఆవిడ బాధ. అలా కోసినవి తొమ్మిది తేలాయి. "ఆ పేరున్న ముక్క ఉంటే కొనేవాణ్ణి సార్. బొమ్మ ఎక్కడైనా దొరుకుతుంది" అన్నాడాయన. నా ఘనకార్యం ఇంకోటి: చిరుగులున్న రెండింటిని ముందే లామినేషన్ చేయించి తీసుకెళ్లాను. "ఇవి టేబుల్ మీద పరుచుకోండి" అని పక్కన పెట్టేశాడు.

చివరికి నాలుగు తీసుకుని ఎనిమిది వందలు ఇచ్చాడు. నాలుగూ పైనున్న రేకు పట్టీ నుంచి డిసెంబరు కాగితం దాకా ఉన్నవే.

అన్నిటికన్నా ఎక్కువ పలికింది నేను చిత్తు అనుకున్నది. ఒక ఎరువుల డీలరు 1968 కేలండరు: ట్రాక్టరు, పక్కన తలపాగా రైతు, కింద "తణుకు, ఫోన్: 47". జనవరి పేజీ మీద తాతయ్య పెన్సిలుతో పాల లెక్క కూడా రాసుకున్నాడు. ఆన్‌లైన్లో పెడితే విశాఖ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. తణుకులో పుట్టారట, ఊరి పేరున్న కాగితం ఏది కనబడ్డా కొంటారట. పాల లెక్క రబ్బరుతో చెరిపి పంపనా అన్నాను. "చెరపకండి బాబూ, దానికే ఇస్తున్నా" అని ఆరు వందలు పంపారు. ప్లంబింగ్ సామాన్ల కొట్లో పైపు ముక్క కోయించి, అందులో చుట్టిపెట్టి కొరియర్ చేశాను. పైపుకీ కొరియర్‌కీ కలిపి రెండు వందల పది.

మామ్మ కోసినవి అమ్మ ఉంచేసుకుంది. మిగిలిన పదిహేనూ పాత పేపర్లవాడికే పోయాయి. వాడు గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కదాని రేకు పట్టీ లాగి, విడిగా తూచాడు. కాగితం కన్నా దానికే రేటెక్కువట.