ఈనిన ఆవు ముందు

"వెనక్కి రా! తల్లికీ దూడకీ మధ్య నిలబడతావా?"

మూడేళ్లలో మా యజమానురాలు అలా అరవడం ఎప్పుడూ వినలేదు. తడి గడ్డిలో జారుతూ కంచె దాటానో లేదో, వెనక ఆవు తల కంచె కర్రను ఢీకొన్న చప్పుడు.

నేను పనిచేసే పాడి ఫారం న్యూజిలాండ్‌లోని వైకాటోలో ఉంది. ఇక్కడ జూలై, ఆగస్టు నెలలు ఆవులు ఈనే కాలం. ఇక్కడ నా భయమంతా జెర్సీ ఆబోతుల మీదే. ఆకారం చిన్నది, కోపం పెద్దది. అయినా ఆబోతు చాలాసార్లు ముందే హెచ్చరిస్తుంది. పక్కకు తిరిగి ఒళ్లంతా చూపిస్తుంది, తల దించి కాలితో మన్ను గీరుతుంది. దాని పోటీ తోటి మగవాటితో, ఎదకొచ్చిన ఆవుల కోసం. ఈ ఆవు మాత్రం ఏ హెచ్చరికా ఇవ్వలేదు. వారం కిందట నా చేత గంగడోలు గోకించుకున్నదే, దూడ పుట్టగానే నన్ను దూడ మీదికొచ్చే కుక్కలా చూసింది. పాలు చేపించే ఆక్సిటోసిన్ అనే హార్మోనే తల్లిని దూడకు కట్టేస్తుందట. యజమానురాలు చెప్పింది.

ఒంగోలు పక్క ఊరివాడిని, ఆవు గురించి నాకు చెప్పాలా అని మొదట ఉడికిపోయాను. మా వైపు అంతెత్తు ఎద్దును చిన్నపిల్లాడు చెరువుకు తోలుకెళ్తాడు. ఆవు సాధుజంతువని బడిలో ఎన్నిసార్లు రాశాను! రాత్రి నిద్ర పట్టక తలచుకుంటే మా గౌరి గుర్తొచ్చింది. ఈనిన వారం అది నాన్నను కూడా కొమ్ములతో బెదిరించేది. అమ్మనొక్కదాన్నే రానిచ్చేది. వ్యాసంలో ఆ వారం రాయనే లేదు.

కానీ గౌరి దూడ గౌరి పక్కనే ఉండేది. ముందు దూడ కుడిస్తేనే పాలు చేపేది. ఇక్కడ ఒక రోజు గడవకముందే దూడను షెడ్డుకు తెచ్చేస్తాం. యజమానురాలు కఠినురాలు కాదు. జబ్బు దూడ పక్కన రాత్రంతా కూర్చుంటుంది, ముర్రుపాలు తన చేత్తో పడుతుంది. అయినా ఈ పద్ధతి నాకు మింగుడుపడదు. దూడను బండిలోకి ఎత్తింది నేనే. ఆవు గేటుదాకా వెంట వచ్చి, తెల్లవార్లూ అరిచింది. అది నా మీదికి రావడంలో తప్పేముంది?

పొద్దున అమ్మ ఫోను చేసింది. "జున్ను వండుకున్నావా నాన్నా? దూడ తాగాకే కదా పిండింది?"

పనికి వేళైందని పెట్టేశాను.