కడలి నీటితో కడిగే వాకిళ్లు

కువైట్‌లో హౌస్ డ్రైవర్‌గా పనిచేస్తున్న నేను మొన్న ఒక ఉదయం ఇంటి యజమానురాలి చేత మాట పడవలసి వచ్చింది. చేతికి అందేంత దూరంలో పైపు ఉండగా కారును బకెట్టు నీళ్లతో కడుగుతున్నందుకు ఆమె విసుక్కుని, "నీళ్లకు డబ్బు నువ్వు కడుతున్నావా?" అని అడిగారు. పని ఆలస్యమైందని కోప్పడి ఉంటే సర్దుకునేవాణ్ణి. నీళ్లు పొదుపు చేసినందుకు చీవాట్లు తినడం మాత్రం రాయచోటి పక్క పల్లెలో పుట్టిన నాకు మింగుడుపడలేదు. ట్యాంకరు వస్తుందంటే బడి మానేసి బిందెలు వరుసలో పెట్టిన వాళ్లం మనం. బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి, గిన్నెలు తోమిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయే ఇళ్లలో పెరిగినవాళ్లం. ఆ అలవాటును పిసినారితనం అంటే నేను ఒప్పుకోను.

ఈ దేశంలో నది అన్నదే లేదు. ఏడాదికి కురిసే వాన సుమారు 120 మిల్లీమీటర్లు. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో సైతం దాదాపు 550 కురుస్తుంది. చమురు డబ్బు రాకముందు ఇక్కడివారు ఇరాక్ వైపున్న షత్ అల్ అరబ్ నది నుంచి తెరచాప ఓడల్లో మంచినీళ్లు తెచ్చుకునేవారు. ఆ నీళ్లను తోలుతిత్తుల్లో నింపి, గాడిదల మీద వీధుల్లో తిప్పి అమ్మేవారు. చిన్నప్పుడు ఆ నీళ్లు కొనుక్కుని తాగామని నేను పనిచేసే ఇంటి పెద్దాయన, ఎనభై దాటిన మనిషి, నాతో స్వయంగా చెప్పారు. 1953లో షువైఖ్ దగ్గర ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్రభుత్వ కర్మాగారం మొదలయ్యాక ఓడల అవసరం తగ్గుతూ వచ్చింది. పర్యాటకులు ఫొటోలు దిగే కువైట్ టవర్స్‌లో రెండు నిజానికి నీళ్ల ట్యాంకులే. ఒక్కోదానిలో 45 లక్షల లీటర్లు పడతాయి. నీటి తొట్టినే దేశానికి గుర్తుగా నిలబెట్టుకున్న జనానికి దాని విలువ తెలియదని నేను అనలేను. అయినా ఈ వీధిలో తెల్లారేసరికి ప్రతి ఇంటి ముందూ పైపులు పారుతూనే ఉంటాయి. పెద్దాయన దాహాన్ని ఒక్క తరంలోనే ఎలా మరిచిపోగలిగారన్నది నన్ను చాలా రోజులు వేధించింది.

నాకు దొరికిన జవాబు నీటి ధరలో ఉంది. ఇక్కడి పౌరుల సొంత ఇళ్లకు వెయ్యి గ్యాలన్ల నీటికి, అంటే దాదాపు నాలుగున్నర వేల లీటర్లకు, 800 ఫిల్సులు (వెయ్యి ఫిల్సులు ఒక దినారు) వసూలు చేస్తారు. దాన్ని తయారు చేయడానికి అయ్యే ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. మిగతాదంతా ప్రభుత్వమే భరిస్తుంది. ఇక్కడి దోహా (ఖతార్ రాజధాని కాదు), అల్ జూర్, సబియా వంటి చోట్ల చమురు, గ్యాసు మండించి కరెంటు తీస్తారు; ఆ ఆవిరి వేడితోనే సముద్రపు నీటిని మరిగించి మంచినీరు పడతారు. మిగిలిన చిక్కటి ఉప్పునీరు వేడివేడిగా తిరిగి సముద్రంలో కలుస్తుంది. ఈ గల్ఫ్ నీరు మామూలు సముద్రపు నీటికన్నా ఎక్కువ ఉప్పన. ఇలా వాకిలి మీద పారిన ప్రతి బకెట్టు వెనకా కొంత చమురు కాలుతుంది, కొంత పొగ పైకి పోతుంది, తీరంలో చేపకు కొంత చోటు తగ్గుతుంది. ఆ లెక్క బిల్లులో కనబడదు. 2024 జూన్‌లో ఎండలకు విద్యుత్ చాలక వంతులవారీగా కరెంటు కోతలు పెట్టినప్పుడు మాత్రం ఆ లెక్క గురించి ఇక్కడివారు కూడా మాట్లాడుకోవడం విన్నాను.

అలవాటు ధర వెంటే నడుస్తుందని మనవాళ్లను చూసినా తెలుస్తుంది. శుక్రవారం ఫర్వానియాలో మావాళ్ల గదికి వెళ్తే, కడప పల్లెల్లో చెంబుతో కొలుచుకుని స్నానం చేసినవారే ఇక్కడ కుళాయి తిప్పి వదిలేసి ఫోను మాట్లాడుతుంటారు. నాకు వారి మీద వచ్చినంత కోపం యజమానురాలి మీద రాలేదు.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. 2004 నుంచి మన దగ్గర వ్యవసాయానికి కరెంటు ఉచితం. అది ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది, మా కుటుంబాన్ని కూడా. కానీ మోటారు నడపడానికి ఖర్చు లేనప్పుడు ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మా చుట్టుపక్కల బోర్లు వందల అడుగులు దాటి దిగిపోయాయి. నాన్న వేయించినవి ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. ఆ అప్పు తీర్చడానికే నేను విమానం ఎక్కాను. ఇక్కడ చమురు ఇచ్చిన భరోసాను అక్కడ భూగర్భజలం ఇచ్చింది. తేడా ఏమిటంటే మా నేలకు వెనకాల సముద్రం లేదు. యజమానురాలి మాటకు నేను నొచ్చుకున్నది ఇందుకే. ఆమెకు తిరిగి దొరికే నీరు మాకు దొరకదు.

తమ్ముడు మళ్లీ ఫోన్ చేసి, మామిడి తోటలో ఇంకో బోరు వేయిద్దామన్నా, పాయింటు చూసే ఆయన నీళ్లు పడతాయన్నాడు అని చెప్పాడు. బోరుకు పంపే డబ్బు డ్రిప్పుకు పంపుతాను, రాయితీ కూడా వస్తుంది, ముందు ఆ దరఖాస్తు పెట్టు అన్నాను. ఉన్న బోరులోనే నీళ్లు లేకపోతే డ్రిప్పు పైపుల్లో ఏం పారుతుందన్నా అని వాడు అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. చెరువు పూడిక తీయించే సంగతి ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడి, వచ్చే శుక్రవారం మళ్లీ ఫోన్ చేయమని చెప్పాను.